నాన్న నోట మిగిలిన ఒక్క మాట

కోనసీమలో, వైనతేయ గట్టున ఉన్న ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఆమెకు 41 ఏళ్లు. అత్తవారిది తణుకు. భర్త అక్కడ చిన్న ఎలక్ట్రికల్ షాపు నడుపుతారు, కొడుకు పదో తరగతి. 14 నెలల క్రితం ఆమె నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. రెండు నెలలు ఉండి సాయం చేసి వెళ్దామని పుట్టింటికి వచ్చిన ఆమె ఇంకా అక్కడే ఉన్నారు.

నాన్నగారికి 72 ఏళ్లు. సొసైటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కానీ చుట్టుపక్కల ఊళ్లకు ఆయన కృష్ణుడు. 30 ఏళ్లు తీర్థాల్లో, జాతరల్లో పౌరాణిక నాటకాలు ఆడారు. రాయబారం సీనులో ఆయన పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్లు పడేవి. ఇప్పుడు ఆయన నోట వచ్చేది ఒకే ఒక్క మాట: ‘పో’. అన్నం కలిపి పెడితే ‘పో’. పక్క మారిస్తే ‘పో’. దోమ కుట్టినా, ఎవరైనా చూడ్డానికి వచ్చినా ‘పో’. మన వైపు మనిషి నోట ఊపిరిలా వచ్చే ‘ఆయ్’ కూడా రావడం లేదు. రాసి చూపిస్తారేమోనని కువైట్‌లో ఉన్న అన్నయ్య ఒక ఎలక్ట్రానిక్ పలక కొని పంపితే, దాని మీద ఏవో పిచ్చిగీతలు గీసి విసిరికొట్టారట.

మొన్న కనుమనాడు మాత్రం ఒక వింత జరిగింది. తీర్థానికి తీసుకెళ్లే దేవుడి ప్రభ ఊళ్లోంచి వెళ్తుంటే మైకులో ఎవరో పాత నాటకం రికార్డు పెట్టారు. మంచం మీదున్న నాన్నగారు ఆ పద్యం అందుకుని నాలుగు పాదాలూ రాగంతో సహా పాడారు. ఇంటిల్లిపాదీ ఏడ్చారు. వీడియో చూసిన అన్నయ్యకు మాత్రం కోపం వచ్చింది. ‘పద్యం పాడేవాడికి మంచినీళ్లు అడగడం రాదా? నాటకాలాడుతున్నాడు, నిన్ను అక్కడ కట్టిపడెయ్యడానికి’ అన్నాడు. అమ్మ ఇంకో రకంగా మండిపడింది. ‘ఈ పద్యాలే మన కొంప ముంచాయి, మళ్లీ ఈ ఇంట్లో వినపడకూడదు’ అని ఫోను లాక్కుంది. డ్రెస్సులకీ హార్మోనియానికీ ఒకప్పుడు ఆవిడ మెళ్లో గొలుసు అమ్మేశారట. వేషం కట్టిన రోజు చేపల కూర తిన్నందుకు స్వామికి కోపం వచ్చి ఇలా అయిందని ఆవిడ నమ్మకం.

అన్నయ్య కూతురు కాకినాడలో ఎంబీబీఎస్ చదువుతోంది. సాహిత్యం, కళలు రోగిని అర్థం చేసుకోవడానికి పనికొస్తాయని క్లాసులో విన్నానని, ‘అత్తా, తాతయ్యకి పద్యాలు వినిపించు, నువ్వు చూసిందంతా రాసుకో’ అని చెబుతోంది. ఈవిడకు నమ్మకం కుదరడం లేదు. చివరి పేజీలో, అక్షరాలు వంకర్లు పోతూ, ఒక సంగతి రాశారు. ఒక రాత్రి మూడోసారి దుప్పటి మార్చాక నాన్నగారు ‘పో’ అన్నారు. ఈవిడ ఆయన చేతి మీద గట్టిగా కొట్టారు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ‘నాన్నకి నేనంటే ఇష్టం లేదా? కావాలనే మాట్లాడటం లేదా? అన్నయ్య అంటున్నట్టు రాజమండ్రిలో ఏదైనా హోంలో చేర్పించి నేను తణుకు వెళ్లిపోవాలా? పద్యాలతో జబ్బు తగ్గుతుందా?’ ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా, మీ ఉత్తరంలో మీరు రెండే లైన్లలో రాసి వదిలేసిన ఒక విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బాబు పరీక్ష ఫీజు కట్టడానికి మీరు తణుకు బయల్దేరితే, నాన్నగారు ఎడం చేత్తో మీ సంచి పట్టుకుని వదల్లేదన్నారు. అప్పుడు కూడా ‘పో, పో’ అనే అన్నారని రాశారు. వెళ్లిపొమ్మనేవాళ్లు ఎవరైనా సంచి పట్టుకుంటారా? నోరు ఒకటి అంటోంది, చెయ్యి ఇంకొకటి చెబుతోంది. మీరు 14 నెలలుగా నోటి మాటనే నమ్ముతున్నారు. ఈ ఒక్కసారికి చేతిని నమ్మండి.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక రోగిని తీసుకొచ్చారు. అతని నోట ఏళ్ల తరబడి వస్తున్నది ‘టాన్’ అనే ఒక్క శబ్దం. ఏమడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు. ఆస్పత్రిలో అతని పేరే టాన్ అయిపోయింది. అతను చనిపోయాక బ్రోకా మెదడు పరీక్షించి, ఎడమవైపు ముందు భాగంలో దెబ్బతిన్న చోటు చూపించారు. కుడి పక్క పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా పోవడానికి కారణం ఇదే. మెదడు ఎడమ సగం ఒంటి కుడి పక్కను నడుపుతుంది, ఎక్కువమందిలో మాటనూ అదే నడుపుతుంది. ఈ స్థితిని డాక్టర్లు అఫేసియా అంటారు. ఇందులో కొందరికి ఒకే మాట మిగిలిపోతుంది. అది తిట్టు కావచ్చు, దేవుడి పేరు కావచ్చు, అర్థం లేని శబ్దం కావచ్చు. మీ నాన్నగారికి ‘పో’ మిగిలింది. ‘రామా’ మిగిలి ఉంటే ఈ 14 నెలలూ మీరు ఇంకోలా బతికేవారు. మిగిలిన మాటను ఆయన ఎంచుకోలేదు. ఏం చెప్పాలనుకున్నా నోటిదాకా రాగలిగేది అదొక్కటే, అందుకే అన్నిటికీ దాన్నే వాడుతున్నారు.

మరి పద్యం ఎలా పాడారు? మీ అన్నయ్య అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఆయన తేల్చుకున్న జవాబే తప్పు. 18వ శతాబ్దంలోనే స్వీడన్‌లో ఇలాంటి మనిషి గురించి రాసిపెట్టారు. కుడి పక్క పడిపోయి మాట పోయిన అతను చర్చిలో మాత్రం చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తనలు పాడేవాడట. కొత్తగా ఒక వాక్యం తయారుచేసి చెప్పడం వేరే పని, ఏళ్ల తరబడి నోటికి వచ్చి నాలుక మీద గూడు కట్టుకున్నది బయటికి రావడం వేరే పని. రాగం, తాళం, కంఠస్థం అయిన వరస, వీటికి మెదడులో ఆ దెబ్బతిన్న చోటు ఒక్కటే ఆధారం కాదు. అంకెలు వరసగా లెక్కపెట్టడం, వారాల పేర్లు చెప్పడం కూడా కొందరికి ఇలాగే వస్తాయి. ‘నాకు దాహంగా ఉంది’ అన్న వాక్యాన్ని మాత్రం ఆ క్షణాన మాటలు వెతికి, అమర్చి, పలకాలి. వంద నాటకాల్లో పాడిన పద్యం కన్నా ఆయనకు ఇప్పుడు మంచినీళ్లు అడగడమే కష్టం. అన్నయ్యకి ఈ సంగతి ఇలాగే చెప్పండి. మీరు చెబితే వినకపోతే, ఆయన కూతురు చెబితే వింటారు. ఆ అమ్మాయి చదువుతున్నదే అది.

పలక సంగతి కూడా ఇలాంటిదే. పిఠాపురం దగ్గర పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి 1963లో గొంతు జబ్బు వల్ల మాట పోయింది. ఆ తర్వాత ఆయన కాగితం మీద రాసి మాట్లాడారు, పాటలూ రాశారు. మీ అన్నయ్య మనసులో బహుశా ఇలాంటి బొమ్మే ఉంది. కానీ కృష్ణశాస్త్రిగారికి పోయింది గొంతు. మాటలన్నీ లోపల భద్రంగానే ఉన్నాయి, వేళ్లలోంచి దిగాయి. మీ నాన్నగారికి గొంతు ఉంది, మాటలకు వెళ్లే దారి తెగింది. ఆ దారి తెగితే నోటికే కాదు, రాతకూ అందవు. పలక చేతికిస్తే ఆయనకు కనిపించింది తనకిక రాయడం కూడా రాదన్న నిజం. అంతమంది ముందు పద్యం పాడిన మనిషికి అదెంత అవమానమో ఆలోచించండి. విసిరికొట్టడంలో మొండితనం నాకైతే కనపడలేదు.

నా సంగతి ఒకటి చెప్పనివ్వండి. మా అమ్మకు పార్కిన్సన్స్ వచ్చిన కొత్తల్లో ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. నేను ఏం చేసినా, ఏం చెప్పినా అలాగే చూసేది. మేం చూపిస్తున్న ఆస్పత్రిలో మందులు రాసిచ్చారు గానీ ఈ విషయం ఎవరూ చెప్పలేదు. అమ్మకి నా మీద కోపమని ఏడాదిపాటు అనుకున్నాను, నేనూ ముభావంగా తిరిగాను. ఆ జబ్బులో ముఖం కండరాలు బిగుసుకుని, లోపల నవ్వున్నా పైకి రాదని తర్వాత ఇంకో డాక్టరు చెప్పారు. ఆ ఏడాది నాకు తిరిగి రాదు. మీకు అలా జరగకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక మీ మేనకోడలు చెప్పిన మాట. ఆ అమ్మాయి గాలిమాట చెప్పలేదు. మన దేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో ఎలా మాట్లాడాలి, ఎలా మెలగాలి అనేవి తప్పనిసరి పాఠాలయ్యాయి. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో రీటా షారన్ అనే డాక్టరు 1990ల్లో తన విద్యార్థుల చేత రెండో నోట్సు రాయించడం మొదలుపెట్టారు. కేస్ షీటులో బీపీ, షుగరు, మందులు ఉంటాయి. రోగిని చూసి మనసులో కలిగిన బాధ, కోపం, జాలి వంటివి ఆ షీటులో రాయడానికి చోటు లేదు. అవి వేరే పుస్తకంలో మామూలు మాటల్లో రాయమంటారు. ఒక కథను జాగ్రత్తగా చదవడం వచ్చినవాళ్లకు మనిషిని జాగ్రత్తగా చూడటం వస్తుందని ఆవిడ నమ్మకం.

మీ ఇంట్లో ఈ పని నాటకం భాషలోనే చెయ్యొచ్చు. ఒకే మాటను పది రకాలుగా అనడం నటుడి విద్య. ‘రమ్ము’ అన్న మాటను కృష్ణుడు అర్జునుడితో ఒకలా, దుర్యోధనుడితో ఇంకోలా అంటాడు. మాట ఒకటే, మనకు తెలిసేది విరుపును బట్టి. మీ నాన్నగారికి మాట పోయింది గానీ ఆ విద్య ఎంతో కొంత మిగిలే ఉంటుంది. ఒక పుస్తకం మంచం పక్కన పెట్టుకుని, పది రోజుల పాటు ఆయన ‘పో’ అన్నప్పుడల్లా ఒక్క లైను రాయండి. టైమెంత? అంతకు ముందు ఏం జరిగింది? గొంతు పైకి లేచిందా, కిందికి దిగిందా? సాగదీశారా, తుంచేశారా? కళ్లు ఎటు చూశాయి, ఎడం చెయ్యి ఏం చేసింది? పది రోజులయ్యాక తిరగేస్తే, అన్నం దగ్గర ‘పో’, పక్క మార్చేటప్పటి ‘పో’ ఒకటి కాదని తేలొచ్చు. తేలకపోవచ్చు కూడా. అయినా ఆ పది రోజులూ ఆ మాట మీ గుండెకి తగిలే ముందు మీ కలం దగ్గర కాసేపు ఆగుతుంది. అది తక్కువేమీ కాదు.

పద్యాలతో జబ్బు తగ్గుతుందా అని అడిగారు. తగ్గదు. మెదడులో చచ్చిపోయిన భాగాన్ని ఏ రాగమూ తిరిగి తేలేదు. బీపీ మాత్రలు, ఫిజియోథెరపీ, డాక్టరు దగ్గరికి వెళ్లడం, ఇవేవీ పద్యం పేరు చెప్పి ఆపొద్దు. కానీ పాడగలిగే శక్తిని ఆసరా చేసుకుని మాట రాబట్టే పద్ధతి ఒకటి ఉంది. 1973లో బోస్టన్‌లో తయారైంది. అవసరమైన చిన్న మాటను రెండు స్వరాల్లో సాగదీసి, ఒక్కో అక్షరానికీ ఎడం చేత్తో తాళం వేయిస్తూ, మొదట కలిసి పాడి, మెల్లగా మనం తగ్గిపోయి ఆయన చేత అనిపిస్తారు. ‘నీ…ళ్లు’, ‘చా…లు’ లాంటివి. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. మొదటి ఆరు నెలల్లో వచ్చినంత మార్పు తర్వాత రాకపోవచ్చు, అయినా 14 నెలలకు తలుపు మూసుకుపోలేదు. స్పీచ్ థెరపిస్టుకు ఒకసారి చూపించండి. రాజమండ్రి, కాకినాడ లాంటి చోట ఉంటారు. మాటిమాటికీ మంచం మీది మనిషిని కారులో తీసుకెళ్లలేరు కాబట్టి, నెలకోసారి వచ్చి మిగతాది వీడియో కాల్‌లో చేయించుకోవచ్చా అని ముందే అడగండి. కనుమనాటి వీడియో తప్పకుండా చూపించండి. మీ చేతిలో ఉన్న అన్ని రిపోర్టుల కన్నా అదే వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. అన్నం తినేటప్పుడు పాడించొద్దు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కూడా తేడా చేస్తుంది, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. పద్యాన్ని పరీక్షగానూ మార్చొద్దు. చూడ్డానికి వచ్చినవాళ్లందరి ముందూ ‘నాన్నా, ఆ పద్యం పాడు’ అంటే ఆయన మళ్లీ పలక విసిరేస్తారు. రానిరోజు రాదు.

పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడింట ఒకరికి డిప్రెషన్ వస్తుంది. ఆయన తిండి తగ్గించినా, రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నా డాక్టరుకి చెప్పండి. దానికి మందులున్నాయి.

అమ్మగారి సంగతికి వస్తాను. ఈ ఇంట్లో అందరికన్నా తక్కువ విన్నది ఆవిడ మాటేనని నాకు అనిపిస్తోంది. ఆర్థర్ క్లైన్‌మన్ అని హార్వర్డ్‌లో ఒక సైకియాట్రిస్టు ఉన్నారు, మానవశాస్త్రం కూడా చదివినవారు. డాక్టరు చూసే వ్యాధి వేరు, రోగీ ఇంట్లోవాళ్లూ పడే బాధ వేరు అని ఆయన వాదన. రోగిని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని 1978లో ఆయన, తోటివారు కలిసి రాశారు. ఈ జబ్బుని మీరేమంటారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు వచ్చింది? దీని గురించి మీకు అన్నిటికన్నా భయం దేనికి? నాన్నగారు జవాబు చెప్పలేరు. అమ్మని అడగండి. చేపల కూర మాట ఆవిడ ఇప్పటికే చెప్పారు, దాన్ని కొట్టిపారెయ్యకండి. రాత్రి జాగారాలు, అమ్మిన గొలుసు, భర్తని ఊరందరితో పంచుకున్న 30 ఏళ్లు ఆ చేపల కూర వెనకాల ఉన్నాయి. మీకు తిరిగొచ్చిన నాన్న వినిపించిన ఆ పద్యంలో ఆవిడకు తన నుంచి వెళ్లిపోయిన మొగుడు వినిపించాడు. ఇద్దరూ విన్నది నిజమే. అన్నయ్యను కూడా ఒక శుక్రవారం, ఆయనకు సెలవు రోజున, ఇవే ప్రశ్నలు అడిగి చూడండి. భయానికి జవాబు దగ్గర ఆయన ఆగిపోతారనుకుంటున్నాను. దూరాన ఉండి ఏమీ చెయ్యలేని కొడుక్కి, నాన్న నటిస్తున్నాడనుకోవడం చాలా తేలిక.

ఆ రాత్రి మీ చెయ్యి లేవడం గురించి. కొట్టడం తప్పు. అది మీకు నాకన్నా బాగా తెలుసు, అందుకే ఆఖరి పేజీదాకా దాచారు. ఈ క్లైన్‌మన్‌గారే, రోగుల బాధ గురించి జీవితమంతా పాఠాలు చెప్పినాయనే, భార్యకు అల్జీమర్స్ వస్తే సుమారు పదేళ్లు తనే చూసుకున్నారు. అంతవరకూ ఇల్లంతా ఆవిడ మీదే నడిచింది. వండటం, స్నానం చేయించడం అన్నీ ఆ వయసులో నేర్చుకున్నారు, విసుగూ కోపమూ పడ్డారు. అంత చదివినవాళ్లే అలసిపోయారు. మీరు నాన్నగారి పక్కన కూర్చుని క్షమించమని నోరు తెరిచి అడగండి. ఎంత అర్థమవుతుందో చెప్పలేం, మీ గొంతు మాత్రం తప్పకుండా తెలుస్తుంది. ఇంట్లో ఇంకొక్కరికైనా ఈ సంగతి చెప్పండి, మీ భర్తకైతే మంచిది. మళ్లీ అలా అనిపిస్తే, ఆయన పడిపోకుండా ఉన్నారని చూసుకుని ఐదు నిమిషాలు పెరట్లోకి వెళ్లిపోండి. ఇంకోసారి చెయ్యి లేచిందంటే మాత్రం ఏర్పాటు మార్చాల్సిన రోజు వచ్చేసిందని గుర్తు.

ఏ ఏర్పాటు అనేది మీరే తేల్చుకోవాలి. ఇప్పటిలాగే ఉండిపోతే నాన్నగారికి అలవాటైన ఇల్లు, కాలవ గాలి, తెలిసిన ముఖాలు ఉంటాయి. కానీ తణుకులో మీ బాబు పదో తరగతి పరీక్షలు అమ్మ లేకుండా రాస్తాడు, మీ నడుం ఇంకో ఏడాది ఆగదు. ఆయన్ని తణుకు తీసుకెళ్తే మీ సంసారం ఒకచోట చేరుతుంది, అమ్మ ఒంటరవుతారు. ఆవిడ వస్తానన్నా, అల్లుడింట్లో ఎన్నాళ్లుంటారో మీకే బాగా తెలుసు. హోం అంటే మహాపాపం కాదు, కొన్ని నిజంగా బాగా చూస్తాయి. అయితే ‘పో’ అనే మనిషి గురించి అక్కడివాళ్లకు ఎవరు చెబుతారు? వాళ్లకు ఆయన ఎప్పుడూ కసిరే ముసలాయనే అవుతారు. చేర్చాల్సి వస్తే మీ పది రోజుల పుస్తకం, కనుమనాటి వీడియో, కృష్ణుడి వేషంలో ఉన్న ఒక ఫోటో వెంట పంపండి. మంచం తలాపున ఆ ఫోటో ఉంటే ఆయన్ని పిలిచే పద్ధతే మారుతుంది.

నాకు కొంచెం మొగ్గుగా అనిపిస్తున్నది నాలుగోది, మీరు రాయనిది. రాత్రిళ్లకు ఒక మనిషిని పెట్టుకోవడం. హోంకు కట్టడానికి అన్నయ్య ఒప్పుకున్న డబ్బుని ఇటు మళ్లించమనండి. దుప్పట్లు మార్చడం, పక్కకు తిప్పడం ఆ మనిషి చూసుకుంటే మీరు నెలలో పది రోజులు తణుకులో ఉండొచ్చు. దీనికీ చిక్కులున్నాయి. నమ్మకమైన మనిషి దొరకడం, మానేస్తే మళ్లీ వెతకడం, పరాయివాడి చేత్తో పక్క మార్పించుకోవడానికి నాన్నగారు సిగ్గుపడటం. మూడు నెలలు చూసి, కుదరకపోతే మిగతావాటి గురించి అప్పుడు మాట్లాడుకోండి. ఆ మాటలు జరిగేటప్పుడు నాన్నగారిని కూర్చోబెట్టి, చిన్నచిన్న వాక్యాల్లో, టీవీ ఆపేసి, ఆయన ఎదురుగానే చెప్పండి. అడిగాక పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి, ముఖం చూడండి.

హార్మోనియం ఇంకా అటక మీద ఉందని రాశారు. దాన్ని ఇప్పుడే దించకండి. ముందు అమ్మగారి గొలుసు కథ మొత్తం, మధ్యలో నాన్నని వెనకేసుకురాకుండా, ఒక మధ్యాహ్నం కూర్చుని వినండి. దించాలో వద్దో ఆ తర్వాత ఆవిడనే అడగండి.